స్తంభాలపై నిలిచిన జ్ఞాపకం: దివిసీమలో కాంక్రీటు, ప్రకృతి, కళ

కోడూరు నుంచి హంసలదీవి, పాలకాయతిప్ప వైపు సాగే దారిలో వరిచేలు, రొయ్యల చెరువులు, ఆ తరువాత మడ అడవులు కనిపిస్తాయి. ఎత్తుపల్లాలు లేని ఈ నేలపై దూరం నుంచి చూపును నిలిపే కట్టడాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి హంసలదీవి వేణుగోపాలస్వామి ఆలయం వంటి దేవాలయం. రెండవది కాంక్రీటు స్తంభాలపై నిలిచిన తుఫాను షెల్టరు. మొదటిదానికి స్థలపురాణం ఉంది, శిల్పశాస్త్ర పరిభాష ఉంది. రెండవదాని గురించి మన కళావిమర్శ మాట్లాడిన సందర్భాలు అరుదు.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున దివిసీమపైకి వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు 10,000కు చేరువ. తాటాకు, మట్టి ఇళ్ల ఊళ్లు ఆనవాళ్లు లేకుండా పోయాయి. ఆ తరువాతనే తీరం వెంట షెల్టర్ల నిర్మాణం ఊపందుకుంది. నేలను వదిలి లేచిన స్తంభాలు, చదునైన పైకప్పు, అలంకారం లేని గోడలు వాటి లక్షణాలు. గాలి ఒత్తిడిని తగ్గించడానికి కొన్నింటిని గుండ్రంగా కట్టారు.

లె కార్బూజియే 1920లలో ప్రతిపాదించిన ఆధునిక వాస్తు సూత్రాలలో స్తంభాలపై లేచిన ఇల్లు, చదునైన పైకప్పు ముఖ్యమైనవి. అక్కడ అవి ఒక సౌందర్య సిద్ధాంతంలో భాగం. దివిసీమలో అవి ప్రాణావసరం: నీరు కింది నుంచి సాగిపోవాలి, మనుషులు పైన మిగలాలి. ఈ తర్కం తీరానికి కొత్తది కాదు. పొన్న జాతి మడచెట్లు బురదలో ఊతవేళ్లపై నిలబడి, అలను పూర్తిగా అడ్డగించకుండా దాని వేగాన్ని తగ్గిస్తాయి. ఇంజనీరు మడచెట్టును అనుకరించాడని చెప్పడానికి ఆధారం అక్కరలేదు. ఒకే నీటికి ఇద్దరూ ఒకే రీతిలో సమాధానం చెప్పారన్నదే గమనించదగినది. అయితే ఉప్పు మడకు జీవనస్థితి, కాంక్రీటుకు వ్యాధి. ఉప్పుగాలి లోపలి ఇనుమును చేరితే అది తుప్పుపట్టి ఉబ్బుతుంది, పైపొర పెచ్చులూడుతుంది.

ఆధునిక వాస్తుకు కళ ఇచ్చిన సమాధానాలలో చండీగఢ్ ఉదాహరణ ప్రసిద్ధం. లె కార్బూజియే రూపొందించిన ఆ నగరం కోసం ఎన్నో గ్రామాలను తొలగించారు. దేశవిభజనలో ఊరు కోల్పోయిన రోడ్డు ఇన్‌స్పెక్టరు నేక్‌చంద్, ఆ శిథిలాలలోని పెంకులను, రాళ్లను, విరిగిన గాజులను పోగుచేసి అడవిలో రహస్యంగా బొమ్మలు నిలిపాడు. 1976లో అది రాక్ గార్డెన్‌గా ప్రజలకు తెరుచుకుంది. నగరం చెరిపిన ఊళ్లు ఆ తోటలో మరో రూపంలో మిగిలాయి.

దివిసీమలో ఊళ్లను చెరిపింది సముద్రం, కాంక్రీటు ఆ తరువాత వచ్చింది. ఇక్కడ శిథిలాలను పోగుచేసింది శిల్పి కాదు, కవి. దిగంబర కవులలో ఒకరైన నగ్నముని ‘కొయ్యగుర్రం’ ఈ ఉప్పెన నుంచి పుట్టిన దీర్ఘకావ్యం. సాహిత్యం విపత్తును పలికింది గాని, విపత్తు తరువాత లేచిన కట్టడం దాని దృష్టికి అంతగా రాలేదు. దృశ్యకళ స్థితీ భిన్నం కాదు.

అయినా షెల్టరుకు సమాధానం లేకపోలేదు. తీరగ్రామాలలో స్తంభాల నీడ వలలు బాగుచేసుకునే చోటవుతుంది. పై గదిలో బడి నడుస్తుంది. మెట్ల ముందు ముగ్గు పడుతుంది. వీటిని ఎవరూ కళాకృతులని పిలవరు. కాని పరాయి రూపాన్ని తమ ఊరి వస్తువుగా మార్చుకునే ఈ నిత్యకృత్యంలో సృజన ఉంది. స్థలాన్ని ఆధారంగా చేసుకున్న సమకాలిక కళ నేడు ప్రదర్శనశాలలలో వెతికేది కూడా ఇటువంటి సంబంధాన్నే.

పెచ్చులూడిన షెల్టర్లను కూల్చి కొత్తవి కట్టడం ప్రాణరక్షణ దృష్ట్యా సమంజసమే. అయితే ఉప్పెనను చూసిన తరం కూడా తరిగిపోతున్నది. కట్టడం, దానిని ఎక్కి బ్రతికినవారి మాట ఒకేసారి కనుమరుగైతే ఆ నష్టాన్ని పూడ్చలేము. ఆలయానికి రాసినట్టే షెల్టరుకూ ఒక స్థలచరిత్ర రాయవలసి ఉంది. దాని కొలతలతోపాటు దాని కింద వల అల్లిన చేతులూ అందులో చేరాలి.