నిలబడినవారు, ఎడమ నుంచి కుడికి

బడి గ్రూపు ఫొటో ఎక్కడ కనబడినా నేను ముందు మొహాలు చూడను, అట్ట అడుగున అచ్చేసిన పేర్లు చదువుతాను. ‘కూర్చున్నవారు, ఎడమ నుంచి కుడికి’ అని మొదలవుతుంది. హెడ్మాస్టరుగారి పేరు బి.ఎ., బి.ఇడి.తో సహా నిండుగా ఉంటుంది. నిలబడినవారి దగ్గరికొచ్చేసరికి ఇంటిపేర్లు పొడి అక్షరాలైపోతాయి. మూడో వరుసకు అట్టమీద చోటు చాలక అచ్చు చీమ తలకాయంత అవుతుంది. ఓ చివర ఒద్దికగా నిలబడ్డ అటెండరు పేరు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఏళ్ల తరబడి బడి గంట కొట్టింది మాత్రం ఆయనే.

అలాంటి ఫొటో ఒకటి నా దగ్గరుంది. 1960ల నాటి హైస్కూలు. క్లాసులోంచి బెంచీలు మోసుకొచ్చి ఆరుబయట వేశారు. పొడుగువాళ్లు బెంచీలెక్కారు, పొట్టివాళ్లు నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. నేలమీదివాళ్లలో ఒక్కడి కాళ్లకీ చెప్పుల్లేవు. ఒకడి చొక్కాకు గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకొచ్చాడు. ఇంకొకడు సరిగ్గా ఫొటో తీసే క్షణంలో తల తిప్పాడు కాబోలు, మొహం ఉండాల్సినచోట మసక. ఆడపిల్లలు నలుగురే, అందరూ టీచరమ్మ పక్కకే చేరారు. వెనక పెంకుల వరండా, దానికి ఆనించిన సైకిలు.

ఇవన్నీ బడి రికార్డుల్లో దొరకవు. అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ ఉంటాయి. (ఆ తేదీనీ నమ్మలేం. మన ఊళ్లలో ఇంతమంది జూలై 1నే ఎలా పుట్టారో వాళ్లను బళ్లో వేసుకున్న పంతుళ్లకే తెలియాలి.) ఎంతమందికి చెప్పులున్నాయో ఫొటో చెప్పినట్టు రిజిస్టరు చెప్పదు.

చిత్రమేమిటంటే, ఆ ఫొటో ఇంకా బాగానే ఉంది. నలుపు తెలుపు బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది. స్టూడియోవాడు మందుల్లోంచి తీసి నీళ్లలో సరిగ్గా కడిగి ఉంటే వందేళ్లయినా తట్టుకుంటుంది. కలర్ ఫొటోలో ఉండేవి ఉత్త రంగులు. 1980ల నాటి బ్యాచ్ ఫొటో గోడమీంచి దింపి చూడండి, మొహాలన్నీ ఎర్రబారి ఉంటాయి. తాతలు మిగిలి మనవలు వెలిసిపోవడం అన్నమాట.

వీడియో సంగతి మరీ అన్యాయం. స్వర్ణోత్సవాలకు వీహెచ్ఎస్ కెమెరా పెట్టించి, తీసిన క్యాసెట్టును బీరువాలో భద్రంగా దాచిన బళ్లు చాలానే ఉంటాయి. మన కోస్తా చెమ్మకు టేపుమీద బూజు పడుతుంది. పట్టకపోయినా దాన్ని ఆడించే యంత్రం ఏదీ? జపాన్‌లోని ఫునాయ్ కంపెనీ వీసీఆర్‌ల తయారీని 2016లోనే ఆపేసింది. ఏ పూర్వవిద్యార్థో 8 ఎంఎం కెమెరాతో తీసిన రీలు దొరికితే మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే ఫిల్ము కుళ్లడం మొదలైందన్నమాట. అది ఆగదు, చల్లని చోట ఉంచితే నెమ్మదిస్తుంది, అంతే. 1932లో విడుదలైన మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’కే ఇవాళ ప్రింటు లేదు. సినిమాల కోసం పుణేలో 1964లో ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టారు. బడి క్యాసెట్టుకు ఆ ఇనప బీరువాయే దిక్కు. గదులకు సున్నం వేసిన ప్రతిసారీ బీరువా ఖాళీ అవుతుంది, పనికిరాని సామానుతో పాటు ఇవీ బయటికి పోతాయి.

చెదలకంటే నాకు ఎక్కువ భయం భక్తిపరులంటే. పాత ఫొటోను కాపాడుదామని పట్టుకెళ్లి లామినేషన్ చేయిస్తారు. వేడికి, జిగురుకు ఫొటో ప్లాస్టిక్‌లో ఒకటైపోతుంది, ఇక విడదీయలేం. అద్దానికి అంటుకుపోయిన ఫొటోను పీకబోతే బొమ్మ అద్దంమీదే ఉండిపోతుంది, దాన్ని అద్దంతోనే ఫొటో తీయించడం మేలు. స్కాన్ చేయించాక వాట్సాప్‌లో మామూలుగా పంపితే సగం వివరం హరించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. అసలు ఫొటోను మాత్రం పారేయకూడదు. ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంటే ఆ స్టూడియో వారసులను పలకరించండి, ఏ అటకమీదో నెగటివ్‌ల పెట్టె ఉండొచ్చు.

ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా పదో తరగతి బ్యాచ్‌ల సమ్మేళనాలే. ఫ్లెక్సీలు, శాలువాలు, గురువులకు పాదపూజ, పైనుంచి డ్రోను. వద్దనను, నేనూ వెళ్లి భోంచేసి వచ్చినవాణ్ణే. కానీ ఒక్క ఫ్లెక్సీ తగ్గించుకుంటే హెడ్మాస్టరు గదిలో ఉన్న ఫొటోలన్నీ స్కాన్ చేయించవచ్చు.

స్కానింగ్ కూడా సగం పనే. అట్ట చినిగి, పేర్లు పోయిన ఫొటో ఎంత స్పష్టంగా ఉంటే మాత్రం ఏం లాభం? అందులోవాళ్లు ఎవరో చెప్పగలిగిన మనిషి ఊళ్లో ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్లకూ ఎనభై దాటి ఉంటాయి. ఫొటోను పెద్ద సైజులో ప్రింటు తీయించి, ఈ ఆదివారమే వాళ్లింటికి వెళ్లండి. వాళ్లు చెప్పిన పేర్లు ఆ ప్రింటు వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ను వద్దు. అటెండరు పేరు మరిచిపోకుండా అడగండి.