గాలి పద్దు, 2013

మే 23, హ్యూస్టన్
అమెరికా వాతావరణ సంస్థ నోవా జోస్యం చెప్పింది. పేరు పెట్టదగ్గ తుపానులు 13 నుంచి 20. అందులో హరికేన్లు 7 నుంచి 11. భారీవి 3 నుంచి 6. నమ్మకం 70 శాతం. మా బాస్ ఆ కాగితం ప్రింటు తీయించి కాఫీ మిషను పైన అంటించాడు. మాది ఇళ్లకు కప్పులు వేసే కంపెనీ. లెక్కలు రాసేది నేను.

జూన్ 1
సీజన్ మొదలు. నవంబరు 30న ఆఖరు. బడి సెలవుల్లా తేదీలు ఖాయం. షాపులో నీళ్ల సీసాల కట్టలు గుమ్మం దాకా పేర్చారు. మా ఆయన టార్చిలైట్లు, ట్యూనా డబ్బాలు తెచ్చారు. మేం చేపలు తినం. తుపానులో తింటామట.

జూన్ 7
నిన్న ఆండ్రియా ఫ్లోరిడాలో తీరం దాటింది. మొదటి వారంలోనే బోణీ. బాస్ ఈల వేస్తూ వచ్చాడు.

జూన్ 16
పక్కింటాయన గ్యారేజీలో 2008 నాటి ప్లైవుడ్ చెక్కలు. ఐక్ హరికేన్ వచ్చినప్పుడు కిటికీలకు కొట్టినవి. ఒక్కోదాని మీద మార్కర్‌తో రాసి ఉంది. వంటిల్లు. హాలు. పిల్లాడి గది. పిల్లాడు ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు.

జులై 2
వరద బీమా. ఇవాళ డబ్బు కడితే 30 రోజుల తర్వాత అమల్లోకి వస్తుంది. తుపాను ఆఫ్రికాలో బయల్దేరినా అంతకంటే ముందే వచ్చేస్తుంది.

ఆగస్టు 8
నోవా జోస్యం సవరించింది. హరికేన్లు 6 నుంచి 9. ఇప్పటిదాకా వచ్చినవి సున్నా. నమ్మకం 70 శాతమే. బాస్ పాత కాగితం తీయలేదు. దాని మీదే కొత్తది అంటించాడు.

ఆగస్టు 18
ఎరిన్ అనే తుపాను ఆఫ్రికా దాటి కొంచెం దూరం వచ్చి పోయింది. పొడిగాలట. సహారా ఎడారి గాలి, దుమ్ముతో సహా, సముద్రం మీదికి వస్తోంది. ఆఫీసు గోడౌన్ నిండా కప్పుల పెంకులు. బాస్ రాడార్ చూస్తున్నాడు. నేను వడ్డీ లెక్క చూస్తున్నాను.

సెప్టెంబరు 11
తెల్లవారుజామున ఉంబెర్టో హరికేన్ అయింది. ఈ ఏటికి మొదటిది. ఉపగ్రహాలు వచ్చాక మొదటి హరికేన్ ఇంత ఆలస్యమైంది 2002లో. అదీ సెప్టెంబరు 11నే. మూడు గంటల తేడాతో ఆ రికార్డు నిలిచింది. ఉంబెర్టో ఉన్నది కేప్ వెర్డీ దీవుల అవతల, నడిసముద్రంలో. అక్కడ ఇళ్లు లేవు. కప్పులూ లేవు.

సెప్టెంబరు 13
ఐక్ గాల్వెస్టన్‌లో తీరం దాటి ఇవాళ్టికి ఐదేళ్లు. బాస్ అందరికీ లంచ్ పెట్టించాడు. సందర్భం ఎవరూ అడగలేదు.

సెప్టెంబరు 17
మెక్సికోకి పడమట మాన్యుయెల్, తూర్పున ఇంగ్రిడ్. మొన్న ఒకటి, నిన్న ఒకటి తీరం దాటాయి. నిన్న వాళ్ల స్వాతంత్ర్య దినం. గెరెరో రాష్ట్రంలో లా పింటాడా అనే ఊరి మీద కొండ విరిగి పడింది. మా పనివాళ్లలో ఒకతనిది ఆ రాష్ట్రమే. ఇవాళ నిచ్చెన ఎక్కలేదు. ఫోను పట్టుకుని లారీ నీడలో కూర్చున్నాడు. రోజు కూలి రాశాను.
ఇంగ్రిడ్ రెండో హరికేన్. మాన్యుయెల్ పసిఫిక్‌ది. కాఫీ మిషను మీది లెక్కలోకి రాదు.

అక్టోబరు 3
ప్రభుత్వం మూతపడి మూడో రోజు. బడ్జెట్ గొడవ. గల్ఫ్‌లో కారెన్ పుట్టింది. ఇంటికి పంపిన విపత్తు సంస్థ ఫెమా ఉద్యోగుల్లో కొందరిని వెనక్కి పిలిచారు. హరికేన్ సెంటరు వాళ్లు జీతం లేకుండా పని చేస్తున్నారు. బాస్ లారీలకు డీజిల్ కొట్టించాడు.

అక్టోబరు 6
కారెన్ తీరం చేరకముందే కరిగిపోయింది. డీజిల్ బిల్లు వచ్చింది.

అక్టోబరు 10
ఆంధ్రాలో మా ఊళ్లో సమైక్యాంధ్ర సమ్మె. కరెంటు వాళ్లు కూడా దిగారు. పైలిన్ తుపాను వస్తోందని ఇవాళ విరమించారు.

అక్టోబరు 13
నిన్న రాత్రి గోపాల్‌పూర్ దగ్గర పైలిన్ తీరం దాటింది. ఒడిశాలో, మన దగ్గర కలిపి దాదాపు 10 లక్షల మందిని ముందే కదిలించారు. 1999లో అదే ఒడిశాలో దాదాపు 10,000 మంది పోయారు. ఈసారి పదుల్లో.
సోంపేటలో వదినగారు బడిలో తలదాచుకున్నారు. పులిహోర పొట్లాలు ఇచ్చారట. దసరాకి ఎలాగూ చేసేదాన్నే అన్నారు.
ఇక్కడి టీవీలో వాతావరణం: ఫుట్‌బాల్‌కి అనుకూలం.

అక్టోబరు 22
లోరెంజో అనే తుపాను ఉందట. ఎక్కడో.

నవంబరు 10
ఫిలిప్పీన్స్‌లో హయాన్ తుపాను. టక్లోబాన్ ఊరి మీదికి సముద్రం వచ్చేసింది. ఎదురింటి నర్సు వాళ్లది ఆ దేశమే. వాళ్ల చర్చిలో అట్టపెట్టెలు సర్దుతున్నారు. మా టార్చిలైట్లు, ట్యూనా డబ్బాలు ఇచ్చేశాం. సీల్ తీయలేదు.

నవంబరు 19
దివిసీమ ఉప్పెన రోజు. 1977. మా వైపు వయసులు దాంతోనే లెక్క. ఉప్పెనకి చంటిపిల్ల, ఉప్పెన తర్వాత పుట్టినవాడు. అమ్మ ఈ రోజు ఎవరికీ ఫోను చేయదు. మేం చేస్తే వంట గురించి మాట్లాడుతుంది.

నవంబరు 22
హెలెన్ బందరు దగ్గర తీరం దాటింది. సార్వా కోతలు నడుస్తున్నాయి. కోసిన పనలు చేలో, చేను నీళ్లలో. కరెంటు లేదు.
"ఏమే, మీకక్కడ గాలీవానా ఏం లేవా?"
"ఈ ఏడు ఏం లేవమ్మా."
"పోన్లే. ఉన్నవన్నీ మాకే పంపినట్టున్నారు."
ఫోనులో చార్జింగ్ అయిపోయింది.

నవంబరు 28
థాంక్స్‌గివింగ్, ఆఫీసు సెలవు. లెహర్ సముద్రంలోనే నీరసించి, వాయుగుండంగా మళ్లీ బందరు దగ్గరే దాటింది. అమ్మ సంతోషించలేదు. పనలు ఇంకా ఆరలేదు.

నవంబరు 30
సీజన్ ఆఖరు. పేర్లు 13. హరికేన్లు 2. 1982 తర్వాత ఇంత తక్కువ లేవు. భారీవి సున్నా. 1994 తర్వాత ఇదే మొదలు. పొడిగాలి, పైనొక దిక్కు కిందొక దిక్కు వీచే గాలులు కారణమని టీవీలో చెప్పారు. ప్రశాంతమైన ఏడాది అన్నారు. బాస్ కాగితాలు పీకాడు. గోడ రంగు ఊడొచ్చింది. బోనస్ లేదు.

ఫిబ్రవరి, 2014
హరికేన్ సెంటరు పాత లెక్క తిరగేసింది. డిసెంబరు మొదట్లో అజోర్స్ దీవుల దక్షిణాన ఇంకో తుపాను ఉందట. అప్పుడు గుర్తించలేదు. పేరు లేదు. పద్దులో 13 కొట్టేసి 14.

ఏప్రిల్, 2014
నష్టం ఎక్కువ చేసిన పేర్లు మళ్లీ పెట్టరు. ఇంగ్రిడ్, మాన్యుయెల్ రద్దు. బదులు ఇమెల్డా, మారియో. రెండూ 2019 జాబితాలో వస్తాయి.