వంద రాత్రుల లెక్క

బుధవారం ఒకటి, శనివారం ఒకటి. వారానికి ఈ రెండు రాత్రులు నంద్యాల నుంచి కారులో ఇంటికొస్తాను. మిగతా రోజులు అక్కడే, నలుగురం కలిసి తీసుకున్న అద్దె గదిలో ఉంటాను. విత్తనాల కంపెనీలో లెక్కలు రాసే పని. సీజన్‌లో ఆఫీసు దాటేసరికి తొమ్మిదవుతుంది. సిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాకా మధ్యలో డివైడరున్న నాలుగు వరుసల హైవే, నలభై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ దిగితే అహోబిలం వైపు మా ఊరికి పన్నెండు కిలోమీటర్ల ఒంటి రోడ్డు. ఆ రోడ్డుకు దీపాలు లేవు, పక్కన గీతలు లేవు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. అంచున రాళ్లు పేర్చి, రాత్రి తేమ తగలకుండా పైన పట్ట కప్పుతారు. నల్లటి తారు మీద ఆ నీలి పట్ట ఇరవై అడుగుల దగ్గరికొచ్చేదాకా కనపడదు.

ఈ దారి మీద వడ్ల కుప్ప అంటే ఏమిటో మా తాలూకాలో అందరికీ తెలుసు. 2014 ఏప్రిల్ 23 రాత్రి, నంద్యాలలో ఎన్నికల ప్రచారం చూసుకుని ఆళ్లగడ్డకు తిరిగొస్తున్న అక్కడి ఎమ్మెల్యే అభ్యర్థి శోభా నాగిరెడ్డి గారి వాహనం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని తప్పించబోయి బోల్తా పడింది. మరునాడు హైదరాబాదులో ఆమె కన్నుమూశారు. మే 7న పోలింగ్ జరిగితే, యంత్రం మీద ఆమె పేరు అలాగే ఉంది, గెలిచింది కూడా ఆమే. అప్పుడు నాకు కారు లేదు. కారు కొన్నాక, ప్రతి ఏప్రిల్‌లోనూ ఆ సంగతి గుర్తుకు రాకుండా ఆళ్లగడ్డ దాటింది లేదు.

2019లో 3,40,000 పెట్టి సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారు కొన్నాను. అన్నీ బాగున్నాయి, హెడ్‌లైట్లు తప్ప. పసుపు నీళ్లలో దీపం పెట్టినట్టుండేది వెలుతురు. రెండేళ్లు సర్దుకున్నాను. ఒక రాత్రి గడ్డి వేసుకొని నిలబెట్టిన ట్రాలీ వెనక, బ్రేకు మీద నిలబడి, మూడు అడుగుల దూరంలో ఆగాను. కాళ్లలో వణుకు ఇంటికెళ్లినా తగ్గలేదు. ఆ మరుసటి సోమవారమే నంద్యాలలో ఒక షాపులో ఎల్‌ఈడీ బల్బుల జత 3,800కి వేయించాను. భయంలో పెట్టిన ఖర్చు అది. బేరమాడలేదు, ఎవరినీ అడగలేదు.

మొదటి రాత్రి సంతోషపడ్డాను. బంపరు ముందు రోడ్డు పాలు పోసినట్టు తెల్లగా ఉంది. కానీ ఆ తెలుపు ముప్పై అడుగుల అవతల ఆగిపోయేది. దాని వెనక చీకటి మునుపటి కంటే చిక్కగా కనపడేది. కారణం తర్వాత తెలిసింది. కళ్ల ముందు అంత వెలుగుంటే కంటిపాప ముడుచుకుపోతుంది, దూరాన ఉన్నది ఇంకా మసకబారుతుంది. పైగా మా కారు లైటు డబ్బా హెచ్4 హాలోజన్ బల్బు కోసం చేసింది. ఆ బల్బులో డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. ఫిలమెంటు ఉన్న ఒకే ఒక్క చోటును లెక్కపెట్టుకొని రిఫ్లెక్టరు వంపులు తీర్చారు. ఆ చోట రెండు వైపులా చిప్పులు అంటించిన పుల్లను దూరిస్తే, వెలుతురు పోవలసిన చోటికి పోదు. పైకి, పక్కలకు చెదురుతుంది. వానలో అయితే ఎదుట తెల్ల గోడ కట్టినట్టే ఉండేది.

ఆ చెదిరిన వెలుతురు ఎవరి కళ్లలో పడిందో తెలుసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మా ఊరి టీ అంగడి దగ్గర ఒక పెద్దాయన కలిశాడు. రోజూ టీవీఎస్ మీద పాలు పోసి వస్తాడు. "ఆ తెల్లలైట్ల కారు నీదేనా నాయనా? నువ్వు ఎదురొస్తే నేను బండి దిగి పక్కకు నిలబడుకుంటా. రోడ్డు యాడుందో తెలీదు," అన్నాడు. కోపంగా అనలేదు. వాన గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆ మాట నా లెక్క మొత్తం మార్చేసింది. నేను 3,800 పెట్టి వెలుతురు కొన్నాననుకున్నాను. దానికి మిగతా ధర ఆయన కడుతున్నాడు, ప్రతి రాత్రీ, బండి దిగి.

తర్వాత కాగితాలు చదివాను. నా వృత్తి అదే, చదవకుండా డబ్బు పెట్టడమే నేను చేసిన తప్పు. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణ ప్రకారం అలాంటి ఒక్కో మార్పుకు యజమానికి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వది ముందు లైటు ఎంత కిందికి వంగి ఉండాలో కూడా చెప్పింది: 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు తగలకూడదు. టీవీఎస్ మీద కూర్చున్న మనిషి కళ్లు ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటాయి. బీమా పాలసీలో, బండిలో చేసిన మార్పులు ముందుగా తెలపాలన్న షరతు ఉంది. నేను తెలపలేదు. ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర వాదన పెట్టుకోవలసింది నేను.

బల్బులు తీసేయించాను. తిరిగి అమ్మబోతే ఎవరూ కొనలేదు. 3,800 పోయినట్టే రాసుకున్నాను.

అప్పుడు ప్రొజెక్టర్ లైట్లు వేయించమన్నారు తెలిసినవాళ్లు. డబ్బా విప్పి, లోపల లెన్సు బిగించి, మళ్లీ సీలు చేస్తారు. 28,000 అడిగారు. ఈసారి ముందు లెక్క వేసుకున్నాను. ఏడాదికి నేను రాత్రిపూట నడిపేది వంద ట్రిప్పులు. మొదటి ఏడాది రాత్రికి 280 రూపాయలు. ఇంటికి రావడానికి నాకయ్యే డీజిల్ కంటే ఎక్కువ. కారు ఇవాళ అమ్మితే రెండున్నర లక్షలు వస్తే గొప్ప, అందులో తొమ్మిదో వంతు లైట్లకే పోతుంది. అమ్మేటప్పుడు దానికి పైసా కలిపి ఇవ్వరు. అయినా ప్రాణం విషయం కదా అని పెట్టడానికే సిద్ధపడ్డాను. ఆగింది మాత్రం ఒకే ప్రశ్న దగ్గర: అసలు ఈ లైట్లు ఎందుకు మసకగా ఉన్నాయి?

ఆ ప్రశ్నకు జవాబిచ్చింది ఆళ్లగడ్డలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్. ఇంజను నడుస్తుండగా మల్టీమీటరు బ్యాటరీ మీద పెట్టాడు: 13.8. బల్బు వెనక హోల్డరు దగ్గర పెట్టాడు: 12.1. "కరెంటు అంతా దారిలోనే కారిపోతాంది సార్. మీరు ఏ బల్బు ఏసినా ఇంతే," అన్నాడు. సన్నని పాత వైర్లు, స్విచ్చు లోపల కాలిన పాయింట్లు. హాలోజన్ బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు ముప్పై శాతం పోతుంది. నా కారులో పోయింది మూడో వంతు పైనే. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైర్లు లాగి, ఫ్యూజు వేసి, మధ్యలో రిలేలు పెట్టాడు. సామాను 1,300, కూలి 500. బల్బులు మాత్రం కంపెనీ చెప్పిన 60/55 వాట్లవే, కొత్త జత 650. వంద వాట్లవి వేయమని అడిగితే ఒప్పుకోలేదు. హోల్డరు కరిగిపోతుందని, అలా కరిగినవి తీసి చూపించాడు.

ఇక పైన పసుపెక్కిన ప్లాస్టిక్. ఎండకు పైపూత చెడిపోయి అట్లా అవుతుంది. నీళ్లు చల్లుతూ ముందు గరుకు ఉప్పుకాగితం, తర్వాత నునుపుది, చివర పాలిష్. ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లలో దేవుడి విగ్రహానికి మెరుపు తెచ్చే వరసే ఇది. దాని మీద ఎండను ఆపే కొత్త పూత వేయకపోతే ఏడాదిలోపే మళ్లీ పసుపు. పూతతో కలిపి 800. చివరగా లైట్ల ఎత్తు సరిచేశాడు. గోడౌన్ గోడకు పది మీటర్ల దూరంలో కారు నిలిపి, గోడ మీద డిమ్ వెలుగు పై అంచు లైటు ఎత్తు కంటే పది సెంటీమీటర్లు కిందికి వచ్చేదాకా స్క్రూ తిప్పాడు. దీనికి డబ్బు తీసుకోలేదు.

మొత్తం 3,250. భయంలో పారేసిన దానికంటే తక్కువ.

అదే వారం కళ్లు చూపించుకున్నాను. ఈ ఖర్చు అన్నిటికంటే ముందు పెట్టవలసింది. పగలు తెలియని కొద్దిపాటి సిలిండర్ పవరుంది, రాత్రి ఎదురు లైట్లు గీతలు గీతలుగా సాగి కనపడేది అందుకే. కళ్లద్దాలు 2,600. వైపర్ రబ్బర్లు మార్చి, ముందు అద్దం లోపలి జిడ్డు తుడిపించడానికి మరో 700. ఈ మూడింటిలో ఏది ఎక్కువ మేలు చేసిందని మా ఆవిడ అడిగితే కళ్లద్దాలనే చెప్పాను.

వేగం కూడా లెక్కలోకే వస్తుంది. ఎనభైలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. కుప్ప కనపడి కాలు బ్రేకు మీదికి వెళ్లి బండి ఆగేసరికి డెబ్భై మీటర్లు కావాలి. డిమ్ లైటు చూపించేది యాభై, అరవై. అరవై వేగంలో నలభై ఐదులో ఆగుతాను. హైవే మీద అరవైలో వస్తే ఇంటికి పది నిమిషాలు ఆలస్యం. ఆ పది నిమిషాలను ఏ షాపులోనూ కొననక్కర లేదు.

ప్రొజెక్టర్ల కోసం తీసిపెట్టిన డబ్బులో ఇంకా చాలా మిగిలింది. అందులోంచి 900 తీసి ఎర్రటి రిఫ్లెక్టర్ టేపు చుట్టలు కొన్నాను. ఆ గడ్డి ట్రాలీని మరిచిపోలేదు. వెనక లైటు లేని ట్రాలీలు మా ఊళ్లోనే ఆరున్నాయి, వాటిలో ఒకటి మా నాన్నది. "దీన్ని చూసి ఆగుతారా వాళ్లు?" అని నాన్న అడిగాడు. రాత్రి భోజనాలయ్యాక ట్రాలీని రోడ్డు పక్కన నిలబెట్టించి, ఆయన్ను కారులో కూర్చోబెట్టుకొని చెరువుకట్ట దాకా వెళ్లి వెనక్కి తిప్పాను. డిమ్‌లోనే వచ్చాను. కట్ట మలుపు తిరగగానే, ఊరి మొదటి ఇల్లు కూడా కనపడకముందే, చీకట్లో రెండు ఎర్ర గీతలు వెలిగాయి. నాన్న ముందుకు వంగి చూశాడు. "రేపు మిగిలిన అయిదింటికీ అంటిద్దాం పా," అన్నాడు.