పొరుగింటి దీపం

కార్తీకం ఆఖర్లోనో, మార్గశిరం ఆఖర్లోనో మా ఇంటికి వచ్చిన చుట్టాలు తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "ఇదేం దీపం? తొమ్మిది గిన్నెలెందుకు? ఏ నోము ఇది?" అని. అడిగిన వాళ్ళందరికీ విడివిడిగా చెప్పేకంటే మన పత్రికలో రాస్తే నయమనిపించింది.

అది నోము కాదు. హనుక్కా అనే యూదుల పండుగ. మేం యూదులం కాదు, పద్మశాలీలం. గోడ మీద మార్కండేయుడి పటం ఉంది. నాయన ఉన్నన్నాళ్ళూ శ్రావణ పున్నమికి జంధ్యం మార్చుకునేవాడు. అయినా సుమారు నలభై ఏళ్ళుగా ఏటా ఎనిమిది రాత్రులు ఈ దీపం మా ఇంట్లో వెలుగుతోంది.

బొంబాయి గిరణ్‌గావ్‌లో పెరిగిన పాతవాళ్ళకు బెనే ఇజ్రాయెల్ యూదులు తెలిసే ఉంటారు. కొంకణం పల్లెల్లో తరతరాలుగా గానుగ ఆడించి బతికినవాళ్ళు. శనివారం గానుగ ఆపేస్తారు కాబట్టి ఊళ్ళో వాళ్ళను 'శనివార్ తేలీ' అనేవాళ్ళు. ఇంట్లో మరాఠీ, కట్టుబొట్టు మరాఠీ, దేవుడు మాత్రం వాళ్ళ దేవుడే. తర్వాత బొంబాయికి వచ్చి 1796లోనే ఇక్కడ మొదటి ప్రార్థనాలయం కట్టుకున్నారు. మనం కరీంనగర్, నల్గొండ వైపు నుంచి మగ్గం వదిలి మిల్లుకొచ్చినట్టే, వాళ్ళూ గానుగ వదిలి పట్నానికొచ్చిన కులమే.

భాయ్‌ఖళా దగ్గర మా చాల్‌లో పక్క ఖోలీ వాళ్ళది. ఆమె ఆసుపత్రిలో నర్సు. మేమంతా మౌశీ అనేవాళ్ళం. 1982 జనవరి 18న సంప్ మొదలైనప్పుడు నాకు పన్నెండేళ్ళు. రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికుల్లో మా నాయన ఒకడు. ఆ ఏడాది ఎట్లా గడిచిందో మన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ముందు అమ్మ గాజులు పోయినయి, తర్వాత ఇత్తడి బిందెలు పోయినయి. చివరికి సందెదీపం కూడా ఆగింది. "కూరలకే నూనె లేకపాయె, దీపానికి ఏడికెల్లి తేవాలె" అన్నది అమ్మ.

డిసెంబరులో మౌశీ ఇంట్లో హనుక్కా వచ్చింది. మొదటి సాయంత్రం తన దీపం వెలిగించుకుని, చిన్న గిన్నెలో గోడెతేల్ తెచ్చి మా గడప దగ్గర పెట్టింది. "హే తుమ్‌చ్యా దేవాసాఠీ" అన్నది. మీ దేవుడి కోసం అని. ఎనిమిది రోజులూ తెచ్చింది. మేం ఏ దేవుడికి మొక్కుతామో ఆమె అడగలేదు. ఆ ఎనిమిది రోజులూ మార్కండేయుడి ముందు దీపం వెలిగింది.

మూడేళ్ళ తర్వాత వాళ్ళు ఇజ్రాయెల్‌లోని డిమోనా ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఇంట్లో ఉన్న రెండు ఇత్తడి దీపాల్లో బరువైనది అమ్మ చేతిలో పెట్టి, "వెలిగించు, లేదా దాచిపెట్టు. అమ్మకు" అన్నది. అమ్మ వెలిగించింది.

ఆ పండుగ కథ ఇది. క్రీస్తుపూర్వం 164 ప్రాంతపు మాట. సిరియా నుంచి ఏలే గ్రీకు రాజు నాలుగో అంతియోకస్ యూదుల ఆచారాలను నిషేధించి, జెరూసలేం గుడిని మైలపరిచాడు. యూదా మక్కబీ, అతని అన్నదమ్ములు తిరగబడి గుడిని దక్కించుకున్నారు, శుద్ధి చేశారు. దీపానికి ఒక్క రోజుకు సరిపడే నూనె దొరికితే అది ఎనిమిది రోజులు వెలిగిందంటారు. అందుకే ఎనిమిది రాత్రులు. మొదటి రాత్రి ఒకటి, రెండో రాత్రి రెండు, అట్లా ఎనిమిది దాకా. తొమ్మిదో గిన్నె షమాష్, అంటే సేవకుడు. దాంతోనే మిగతా వాటిని వెలిగించాలి. అన్నీ కలిపితే 44 వత్తులు. వాళ్ళ పంచాంగమూ మనలాగే చంద్రుడితో నడుస్తుంది, అధికమాసం కూడా ఉంది. పండుగ మధ్యలో అమావాస్య వస్తుంది. చీకటి ముదిరేకొద్దీ దీపాలు పెరుగుతుంటాయి.

మా ఇంట్లో మేం చేసేది కొంతే. వెలిగించేటప్పుడు వాళ్ళు చదివే ప్రార్థన మేం చదవం. అందులో 'దీపం వెలిగించమని మమ్మల్ని ఆజ్ఞాపించిన దేవా' అని ఉంటుందట. మౌశీయే అమ్మకు చెప్పింది. ఆ ఆజ్ఞ మాకు కాలేదు కదా, మా నోట అది అబద్ధమవుతుంది. కిటికీలోనూ పెట్టం. అట్లా పెట్టడం ఆ అద్భుతాన్ని లోకానికి చాటడం, ఆ చాటింపు వాళ్ళది. మాది వంటింటి గూట్లో వెలుగుతుంది. నూనెలో వేయించినవి తినాలి కాబట్టి గారెలు వండుకుంటాం. ఇంకో ఆచారం అమ్మకు బాగా నచ్చింది. దీపాలు వెలుగుతున్నంతసేపు, కనీసం అరగంట, ఆడవాళ్ళు పని ముట్టరు. మా అమ్మ ఊరికే కూర్చోగా నేను చూసింది ఆ ఎనిమిది రాత్రులే.

మా చిన్నాయనకు ఇది నచ్చేది కాదు. "మన పండుగలు మనకు చాలవా బిడ్డా, పరాయివి తలకెత్తుకోవాలా?" అనేవాడు. ఇప్పుడు కాలేజీలో చదివే మా బిడ్డ ఇంకో వైపు నుంచి అడుగుతోంది. "బాపూ, ఇది తమ ఆచారం విడవమని తిరగబడ్డవాళ్ళ పండుగ. మనం చేస్తే వాళ్ళది గుంజుకున్నట్టు కాదా?" అని.

ఇద్దరి మాటా కొట్టిపారేసేది కాదు. నేను చెప్పేది ఒకటే. మేం పండుగ చేసుకుని యూదులమని చెప్పుకోవట్లేదు. మా దేవుడి దీపానికి నూనె పోసిన ఇంటి దీపం ఆరిపోకుండా చూస్తున్నాం. ఇంకో సంగతీ ఉంది. తమ పూర్వీకులు ఆ గుడి యుద్ధానికి ముందే బయలుదేరి వచ్చారని బెనే ఇజ్రాయెల్ వాళ్ళు చెప్పుకుంటారు. అందుకే కొంకణంలో వాళ్ళకు హనుక్కా తెలియదట. చాలా కాలం తర్వాత బయటి నుంచి వచ్చిన యూదులు నేర్పితే నేర్చుకున్నారు. తమదై ఉండి మరిచినదాన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా తిరిగి తెచ్చుకోవచ్చని దీంతో నాకు తెలిసింది.

ఆ మాట మన పిల్లలకు పనికొస్తుంది. మా బిడ్డకు మరాఠీ, హిందీ, ఇంగ్లీషు వచ్చు. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఈ పత్రిక నేను చదివితే వింటుంది. రెండేళ్ళ కింద దీపం ముందు కూర్చుని, "మక్కబీల కథ తెలుసు కానీ గోడ మీదున్న మార్కండేయుడి కథ నాకు పూర్తిగా తెలియదు బాపూ" అన్నది. ఆ రాత్రి చెప్పాను. మరుసటి రాత్రి తాత ఏ ఊరి నుంచి ఏ బండెక్కి వచ్చాడో చెప్పాను. ఇప్పుడు ఆ అరగంట మాకు అందుకే. పోయినేడు ఎనిమిదో రాత్రి ఆమెతో అచ్చులు రాయించాను.

పోయినవాళ్ళు వదిలి వెళ్ళిన వస్తువులు మన ఖోలీల్లో చాలా ఉంటాయి. కొందరింట్లో పార్సీల గడియారం, కొందరింట్లో కొంకణం వాళ్ళ రుబ్బురోలు. ఊరికే మూలన పడి ఉంటే, అది ఎవరిదో, ఎందుకిచ్చారో పిల్లలకు చెప్పండి. చెప్తూ చెప్తూ మన కథ కూడా చెప్పాల్సి వస్తుంది.