సత్తు తొట్టి

మాది మాదిగ గూడెం. ఈ మాట ముందే చెబుతున్నాను, తర్వాత ఎవరూ అడగాల్సిన పని లేకుండా. నరసరావుపేట దాటాక మెట్టలో ఉంటుంది మా ఊరు. మా అయ్య తోలుపని చేసేవాడు. నేను విజయవాడ ఆటోనగర్లో లారీలకి, ట్రాక్టర్లకి బాడీలు కడతాను. 1982లో పదహారేళ్ళప్పుడు వచ్చి చేరాను, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. చదివింది ఎనిమిదో తరగతి. ఇనుము మీద సుద్దముక్కతో కొలతలు రాసుకోవడం తప్ప రాయడం పెద్దగా తెలియదు.

మా ఇంట్లో ఇత్తడి లేదు. అన్నీ సత్తువే. మీరు అల్యూమినియం అంటారు, మేం సత్తు అనేవాళ్ళం. సత్తు గిన్నె, సత్తు చెంబు, అంచులు సొట్టలు పడ్డ సత్తు పళ్ళెం. కామందుల ఇళ్ళల్లో ఇత్తడి బిందెలు చింతపండుతో తోమి ఎండలో బోర్లించేవాళ్ళు, వాటి మెరుపు గూడెం దాకా కనపడేది. ఊళ్ళో టీ కొట్టు చూరులో మాకోసం రెండు సత్తు గ్లాసులు ఉండేవి. తాగి, మేమే కడిగి, మళ్ళీ చూరులో పెట్టి రావాలి. చెల్లని రూపాయిని సత్తు రూపాయి అంటారు గదా, బళ్ళో ఒక కామందు కొడుకు నన్ను ఆ పేరుతోనే పిలిచేవాడు. అందుకని ఆ లోహమంటే నాకు పడదు. ఇనుమంటే ఇష్టం. ఆటోనగర్లో నాకు పని నేర్పిన సాయిబు మేస్త్రి, "సత్తు పని నేర్చుకోరా, ముందు ముందు దానికే గిరాకీ" అంటే నేర్చుకున్నానుగానీ మనసు పెట్టి కాదు. ఆయనా నేనూ ఒకే క్యారియర్లో తినేవాళ్ళం. ఆ సంగతి కూడా రాయాలి.

2016 జనవరిలో మా మేనల్లుడు కొత్త పికప్ బండి తోలుకొచ్చాడు. ముందు క్యాబిను, వెనక ఉత్త ఛాసిస్. "మావా, దీని మీద తొట్టి కట్టు. వెనకాల జనరేటర్ ట్రైలర్ లాగాలి. సత్తుతోనే కట్టాలి" అన్నాడు.

ఎందుకో చెప్పాలి. అంతకుముందు ఏడాది ఏప్రిల్ 14న గూడెంలో అంబేద్కర్ జయంతి పెట్టుకున్నారు. మైకులకీ లైట్లకీ టెంటుహౌసు అతనికి అడ్వాన్సు ఇచ్చారు. పొద్దున్నే అతను డబ్బులు వెనక్కి పంపించాడు, జనరేటర్ రిపేరొచ్చిందని. రాత్రి ఏడింటికి కరెంటు పోయింది. పోయిందో, తీశారో. సెల్‌ఫోన్ల వెలుతుర్లో బాబాసాహెబ్ ఫోటోకి దండ వేశారు. అదే జనరేటర్ ఊళ్ళో గుడి దగ్గర పదకొండింటి దాకా మోగుతూనే ఉందట. మా మేనల్లుడు ఆ రాత్రే అనుకున్నాడు. ఏడాది తిరిగేలోపు లోను పెట్టి బండి కొన్నాడు, గుంటూరులో పాత జనరేటర్ ఒకటి, అది మోసే రెండు చక్రాల ట్రైలర్ ఒకటి బేరం చేశాడు. ఈసారి జయంతి 125వది.

సత్తే ఎందుకంటే లెక్క వాడు సరిగ్గానే వేశాడు. పికప్పులో స్పీకర్లు, గొట్టాలు, తాడిపత్రి బట్ట, వైర్లు, ఎనిమిది మంది కుర్రాళ్ళు. వెనక జనరేటర్ ట్రైలర్ 900 కిలోలు. తొట్టి ఎంత తేలికైతే అంత సరుకు. ఇనుముతో కడితే 280 కిలోలకి తక్కువ తూగదు. సత్తు బరువులో ఇనుముకి మూడోవంతు. అట్లాగని తొట్టి కూడా మూడోవంతు అవదు, ఎందుకంటే అది వంగడంలో ఇనుముకి మూడింతలు. అడ్డపట్టీలు లోతుగా వేసుకోవాలి. చివరికి 150లోపు తేల్చాను.

ఇనుము కాగితే ఎర్రబడి చెబుతుంది, జాగ్రత్తరా అని. సత్తు చెప్పదు. 660 డిగ్రీలకి రంగు మారకుండానే చేతిలో జారిపోతుంది. దాని పైన కంటికి కనపడని పొర మాత్రం 2000 డిగ్రీలు దాటితేగానీ కరగదు. ఆ పొర గీకి, ఆర్గాన్ గ్యాసు పెట్టి టిగ్ వెల్డింగు చేయాలి. గీకే స్టీలు బ్రష్షు సత్తుకే విడిగా ఉంచాలి, ఇనుముకి వాడింది దీనికి తగలకూడదు. దానికో విడి బ్రష్షు గోడకి వేలాడదీశాను. టీ కొట్టు చూరు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. ఇక్కడ విడిగా పెట్టడానికి కారణం ఉంది. అక్కడ ఏం కారణం?

మా వాడు ట్రైలర్ కొక్కెం తొట్టి వెనక పట్టీకే పెట్టమన్నాడు, చూడ్డానికి బాగుంటుందని. కుదరదన్నాను. తొట్టిది మోసే పని, లాగే పని ఛాసిస్‌ది. వెల్డింగు పడ్డచోట సత్తు సగం బలం పోగొట్టుకుంటుంది. లాగుడు దాని మీద వేస్తే ఏదో గతుకులో ఊడొస్తుంది. కొక్కేనికి ఇనప దూలం వేసి ఛాసిస్ రెండు పట్టాలకీ బోల్టులతో బిగించాను. తొట్టిని యు-బోల్టులతో కట్టాను. ఇనుమూ సత్తూ ఒకదానికొకటి తగిలి తడిస్తే సత్తు తినేస్తుంది, అందుకని మధ్యలో రబ్బరు పరిచాను.

ఆ పని జరిగే రోజుల్లోనే మా మేనల్లుడు మా అయ్యని బండెక్కించుకుని షెడ్డుకి తెచ్చాడు. అప్పటికి అయ్యకి ఎనభై.

ఇక్కడ రాయాలా వద్దా అని చాలా ఆలోచించిన సంగతి ఒకటి ఉంది. 1990ల మొదట్లో అయ్య ఒకసారి ఆటోనగర్ వచ్చాడు. భుజాన తోలు సంచి, అందులో ఆరె, కత్తి, దారం. బస్సు చార్జీకి తోవలో చెప్పులు కుట్టుకుంటూ వచ్చాడు. షెడ్డులో ఒక ఆసామి లారీ బాడీ బేరం ఆడుతున్నాడు. "ఎవరతను?" అన్నాడు. "మా ఊరాయనండీ" అన్నాను. అయ్య విన్నాడు. ఏమీ అనలేదు. మంచినీళ్ళు తాగి, పక్క షెడ్డు నీడన కూచుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. 1994లో ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలయ్యాక మా వాళ్ళు పేరు చివర మాదిగ అని రాసుకోవడం చూశాను. నేను రాసుకోలేదు. షెడ్డు బోర్డు మీద ఇంటిపేరు కూడా పెట్టించలేదు. గిరాకీ పోతుందని భయం. మీటింగుల్లో వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టేవాణ్ణి.

ఇరవై ఏళ్ళ తర్వాత అయ్య మళ్ళీ అదే షెడ్డులో నిలబడ్డాడు. వెల్డింగు అతుకు మీద బొటనవేలు పెట్టి రాశాడు. "కుట్టు దగ్గర దగ్గరగా పడిందిరా" అన్నాడు. ఒక చోట నేను రివెట్టుకి గుర్తు పెట్టుకుని ఉంటే, "బెజ్జం అంచుకి అంత దగ్గర పెట్టబాక, చీలుద్ది" అన్నాడు. తోలుకైనా రేకుకైనా ఆ మాట నిజం. బెజ్జం నడిమికీ అంచుకీ మధ్య కనీసం బోల్టు లావుకి రెండింతలు వదలాలి. నేను హడావిడిలో వదల్లేదు. రబ్బరు బదులు తోలు వెయ్యమని కూడా అన్నాడు. అది మాత్రం వినలేదు, తోలు నీళ్ళు పట్టుకుంటుంది. "ఆ మాటా నిజమే" అన్నాడు.

మార్చిలో ట్రైలర్ తగిలించి రోడ్డెక్కాం. నలభై దాటేసరికి ట్రైలర్ తోక ఊపడం మొదలెట్టింది. పికప్ వెనక భాగం గాల్లో తేలుతున్నట్టుంది. నేను కొక్కెం చూశాను, టైర్లలో గాలి చూశాను, ఇరుసు కొలిచాను. అన్నీ సరిగానే ఉన్నాయి. గంటసేపు పోయింది. అయ్య దిగి, ట్రైలర్ మూతిని ఊడదీయించి, ఒంటిచేత్తో పైకెత్తాడు. ఎనభయ్యేళ్ళ మనిషి చేతికి లేచింది!

"కాడి మీద బరువు లేదురా" అన్నాడు.

ఎద్దుబండి ఎరిగిన వాళ్ళకి ఇది తెలుసు. బరువు వెనక్కి మొగ్గితే కాడి పైకి లేస్తుంది, మెడపట్టెడలు ఎద్దుల గొంతు పిసుకుతాయి. మరీ ముందుకి మొగ్గితే మెడ పుండు పడుతుంది. ఎద్దులు తోలేది కామందు జీతగాడు. ఆ పట్టెడలు కోసి కుట్టేది మా అయ్య. పట్టెడ ఎక్కడ అరిగిందో చూసి ఆ బండి మీద బస్తాలు ఎట్లా వేస్తున్నారో చెప్పేవాడు. కపిల బానకి తొండం కుట్టినా, చెర్నాకోల అల్లినా, ఎంత లాగుడికి ఎంత తోలు ఆగుద్దో ఆయన వేళ్ళకి తెలుసు. దీన్ని ఎవరూ విద్య అనలేదు. కళ్ళంలో నాలుగు గింజలు పడేసి కులవృత్తి అన్నారు. గూడెంలో ఇంజనీరింగు చదివే పిల్లాడొకడు తర్వాత చెప్పాడు, ట్రైలర్ మొత్తం బరువులో పదోవంతు నుంచి పదిహేను శాతం దాకా మూతి మీద పడాలని వాళ్ళ పుస్తకంలో ఉందట. 900 కిలోలకి 90కి తగ్గకూడదు. అయ్య అంకె చెప్పలేదు. "ఇద్దరు మగాళ్ళు ఎత్తితే లేవాలి" అన్నాడు.

జనరేటర్ని ఇరుసు వెనక్కి బిగించి అమ్మారు మాకు. బోల్టులు ఊడదీసి జానెడు ముందుకి జరిపాం. మళ్ళీ తోలితే నీళ్ళ మీద పడవలా వచ్చింది. ఇంకో మాట కూడా చెప్పాడు అయ్య, కొక్కెం తెగితే మూతి నేలకి తగలకుండా రెండో మోకు ఉండాలని. గొలుసులు రెండు, మూతి కింద ఇంటూ ఆకారంలో అడ్డంగా వేశాను.

అప్పుడే ట్రాక్టర్ ట్రక్కు చేయించుకోవడానికి వచ్చిన ఒక ఆసామి ఇదంతా చూస్తున్నాడు. "పెద్దాయనకి బాగా తెలుసే. ఎవరు?" అన్నాడు.

"మా అయ్యండీ. చెప్పులు కుట్టేవాడు. మాదిగోళ్ళం" అన్నాను.

"అట్లాగా" అని, తన ట్రక్కుకి ఇరుసు ఏ సైజుదేస్తావని అడిగాడు. ముప్పై నాలుగేళ్ళు నేను దాచింది ఆయనకి రెండు నిమిషాల సంగతి కూడా కాలేదు. అయితే అందరూ అట్లా ఉండరు. ఆ నెలలోనే పాత గిరాకీ ఒకాయన లారీ బాడీకి ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి తీసుకుని వేరే షెడ్డుకి పోయాడు. కారణం చెప్పలేదు. నేనూ అడగలేదు.

అయ్య నా మాట విన్నాడో లేదో తెలియదు. గొలుసు కొక్కేలు లాగి చూసుకుంటున్నాడు.

ఏప్రిల్ 14 పొద్దున ఊళ్ళోకి మా బండే ముందు పోయింది. తొట్టి ఎండకి మెరిసింది. వెనక తలుపు మీద మా మేనల్లుడు నీలం రంగుతో జై భీమ్ అని రాయించాడు, కింద వాడి పేరు, పేరు చివర మాదిగ అని. టీ కొట్టు ముందు వాడు కావాలనే బండి నెమ్మది చేశాడు. అయ్య తొట్టిలో స్పీకర్ డబ్బా మీద కూచుని ఉన్నాడు. ఆ సాయంత్రం ఏడున్నరకి కరెంటు పోయింది. కుర్రాళ్ళు జనరేటర్ స్టార్ట్ చేశారు. ఊళ్ళో దీపాలు లేవు, గూడెంలో ఉన్నాయి. పాటలు రెండింటి దాకా సాగాయి.

అన్నీ సర్దేటప్పటికి తెల్లవారుజామైంది. స్పీకర్లు ఎక్కించి, ట్రైలర్ తగిలిద్దామని మా మేనల్లుడు మూతి పట్టుకున్నాడు. అయ్య నిద్రపోలేదు. అరుగు మీంచే కేకేశాడు.

"ఒక్కడివే ఎత్తబాక. మీ మావని కూడా పట్టమను."