వాడని గదుల వాంగ్మూలం

కొత్త వీడియో గేమ్ వస్తోందంటే దాని మ్యాప్ ఎంత పెద్దదో, అందులో ఎన్ని ఊళ్లున్నాయో, ఎన్ని కొండలెక్కవచ్చో ముందే చాటింపు వేస్తారు. ఆ చాటింపులో వినపడని చోట్లు కొన్నుంటాయి. రంగు పడని గదులు, తలుపుల్లేని ఇళ్లు, ఎటూ చేరకుండా ఆగిపోయిన బాటలు, పరీక్ష కోసం కట్టి అలాగే వదిలేసిన ద్వీపాలు. డబ్బు పోసి కొన్న డిస్కులో ఇవీ ఉంటాయి గానీ, మామూలు దారిలో నడిచే ఆటగాడు జన్మలో అక్కడికి చేరడు. గోడల సందుల్లోంచి దూరేవాళ్లూ, గేమ్ ఫైళ్లను విప్పి చూసేవాళ్లూ వాటిని ఒక్కొక్కటిగా బయటపెడుతుంటారు. చూసినవాళ్లలో కొందరు ఇదంతా చెత్త అని తేలిగ్గా కొట్టిపారేస్తారు. మరికొందరు ఇందులో ఏదో గూఢార్థం ఉందని తలలు పట్టుకుంటారు. ఇద్దరూ పొరబడుతున్నారని నా వాదన. పూర్తయిన గేమ్ తన పుట్టుక గురించి నోరు విప్పదు. ఆ లోకం అనాదిగా అలాగే ఉన్నట్టు నమ్మించడమే దాని పని. అది ఎవరి చేతుల్లో ఎలా తయారైందో, ఎక్కడ ఎవరు మనసు మార్చుకున్నారో చెప్పే సాక్షులు ఈ వాడని గదులే.

సాక్షికీ రహస్యానికీ తేడా తెలియాలంటే ముందు అసలైన రహస్యాన్నొకదాన్ని చూడాలి. 1980లో అటారీ అమ్మిన ‘అడ్వెంచర్’ గేమ్‌లో వారెన్ రాబినెట్ ఒక గదిని దాచాడు. చేసినవాళ్ల పేర్లు గేమ్‌ల మీద వేసే అలవాటు ఆ కంపెనీకి అప్పట్లో లేదు. మొత్తం గేమ్‌కి దక్కిన చోటు నాలుగు కిలోబైట్లు. అంత ఇరుకులోనే కంటికి ఆనని ఒక బూడిదరంగు చుక్కనీ, ఆ చుక్క సాయంతో మాత్రమే చేరగల గదినీ, అందులో తన పేరునీ ఇరికించి, పైవాళ్లకు చెప్పకుండానే ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. సంగతి బయటపడ్డాక కంపెనీ కోప్పడటం మాని ఇదేదో బాగుందనుకుంది. ‘ఈస్టర్ ఎగ్’ అన్న పేరు ఇలాంటివాటికి అప్పుడే స్థిరపడింది. ఇప్పుడు వీటిని నిర్మాతలే పనిగట్టుకుని పెడతారు. ఎవరో ఒకరు కనుక్కోవాలని దాచినది ఎంత లోతున ఉన్నా ప్రదర్శనలో భాగమే. ఇక్కడ నేను మాట్లాడుతున్న చోట్లు ఆ కోవకు చెందవు. ఎవరైనా వచ్చి చూస్తారని వాటిని కట్టినవాళ్లు అనుకోనే లేదు. మెప్పు కోసం చెప్పే మాట కాదు కనుకనే వాటి మాటకు అంత విలువ.

2011లో బెథెస్డా విడుదల చేసిన ‘స్కైరిమ్’ సంగతే చూడండి. కంప్యూటర్ మీద ఆడేవాళ్లు చిన్న కమాండ్ కొట్టి ‘క్యూఏస్మోక్’ అనే గదిలోకి దిగవచ్చు. పరీక్షించేవాళ్ల కోసం ఆయుధాలూ కవచాలూ మందులూ పెట్టెల నిండా సర్దిపెట్టిన గది అది. అంతకంటే ఆసక్తికరమైనవి వ్యాపారుల పెట్టెలు. ఊళ్లో కొట్టువాడి దగ్గర మనం కొనే సరుకు అతని వెనకున్న బల్ల మీద ఉండదు. ఆటగాడికి కనపడని చోట, చాలాసార్లు నేల అడుగున పాతిన ఒక పెట్టెలో ఉంటుంది. డాన్‌స్టార్ అనే ఊళ్లో గని పక్కన అలాంటి పెట్టె ఒకటి చేతికందడంతో ఆటగాళ్లకు అదొక ఉచిత ఖజానా అయిపోయింది. చచ్చిపోయిన పాత్రల శవాల్ని వీధుల్లోంచి తీసి చేర్చడానికి మరో గది ఉంది. ఆట ఎంత మాయగా కనిపించినా దాన్ని నడిపే యంత్రానికి మాయలు తెలియవని దీన్నిబట్టి అర్థమవుతుంది. సరుకు ‘ఉంది’ అనాలంటే దానికి ఒక పెట్టె కావాలి, పెట్టెకు ఒక స్థలం కావాలి. శవం ‘మాయమైంది’ అనాలంటే అది చేరడానికి వేరే చోటు కావాలి. గేమ్‌ల తయారీ మీద ఎన్ని ఇంటర్వ్యూలు చదివినా ఇంత సూటిగా బోధపడని విషయం ఇది.

గదులు పనిని చెప్పినట్టే ఖాళీ నేలలు ప్రణాళికను చెబుతాయి. 2004 నవంబరులో మొదలైన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ లోకంలో హైజల్ పర్వతం మొదటి నుంచీ ఉంది. కథలో అదొక మహా యుద్ధం జరిగిన చోటు. కానీ ఆటగాళ్లకు దారి మూసి ఉండేది. ఊరుకుంటారా? కొండవాలు అతుకుల్లో కాలు మోపడానికి వీలున్న చోట్లు వెతుక్కుంటూ ఎగబాకేవాళ్లు. పైన వాళ్లకు ఎదురైనది మహావృక్షమూ, పనులు అప్పగించే మనుషులెవరూ లేని నేలా. మన ఊళ్లలో డాబా ఇంటి పిల్లర్ల మీద ఇనుప ఊచలు ఆకాశంలోకి పొడుచుకుని ఉంటాయి. పై అంతస్తు వేస్తారో లేదో గానీ, వేయాలన్న ఆశ మాత్రం వీధంతటికీ కనిపిస్తూనే ఉంటుంది. హైజల్ అలాంటి ఊచ. 2010 డిసెంబరులో ‘కాటక్లిజమ్’ అనే విస్తరణ వచ్చాక గానీ ఆ పర్వతం మామూలు ప్రాంతంగా తెరుచుకోలేదు. మధ్యలో గడిచిన ఆరేళ్లూ, తీరని ఒక ఉద్దేశాన్ని ఆ ఖాళీ కొండ బాహాటంగా మోస్తూ నిలబడింది.

ఇక్కడొక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. ఖాళీ కనపడితే మనుషులు అర్థం నింపకుండా ఉండలేరు, లేనిపోని సాక్ష్యం చెప్పిస్తారు అని. నిజమే. 2005లో వచ్చిన ‘షాడో ఆఫ్ ది కొలోసస్’లో పదహారు మహాకాయాలుంటాయి. దర్శకుడు ఫుమితో ఉఎదా బృందం మొదట 48 అనుకుంది, తర్వాత 24కు దిగింది, చివరికి 16తో సరిపెట్టింది. తీసేసినవాటి కోసం అనుకున్న చోట్లు కొన్ని ఆ విశాలమైన నేలలో ఖాళీగా మిగిలాయి. ఆ ఖాళీలను చూసి, పదిహేడోది ఎక్కడో ఉండే ఉంటుందని ఆటగాళ్లు ఏళ్లతరబడి గాలించారు. అది లేదు. అయితే వాళ్లు పొరబడింది ముగింపులోనే గానీ గమనింపులో కాదు. ‘ఇక్కడ ఏదో ఉండాల్సింది’ అన్నంతవరకు వాళ్ల కళ్లు సరిగ్గానే చూశాయి. ‘కాబట్టి ఇప్పటికీ ఉంది’ అన్నప్పుడు దారి తప్పారు. అలాగే కనిపించిన ప్రతి వింత చోటూ సాక్షి కాదు. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’లో గోడలోంచి జారి వెళితే ‘-1’ అనే అంతంలేని నీటి లోకం వస్తుంది. దాన్ని ఎవరూ కట్టలేదు. గొట్టం దగ్గర సరైన అంకె ఎక్కకముందే ఆటగాడు దూరితే గేమ్ 36వ లోకానికి పంపుతుంది. తెర మీద 36వ బొమ్మ ఖాళీ గడి కావడంతో ముందు అంకె మాయమై ‘-1’ అని కనిపిస్తుంది. కాబట్టి సాక్షులను నమ్మడానికి ముందు విచారించాలి. ఎవరో కట్టి వదిలేసిందా, లెక్క తప్పి పుట్టిందా అన్నది మొదట తేల్చుకోవాల్సిన ప్రశ్న. విచారణ కష్టమని సాక్షులందర్నీ బయటికి గెంటడం మాత్రం న్యాయం కాదు.

రెండో అభ్యంతరం గట్టిది. ఇదంతా బద్ధకం, చేతనైన పనివాళ్లు వెళ్లేముందు చోటు ఊడ్చి వెళ్తారు అంటారు. విడుదల దగ్గరపడ్డాక ఒక గదిని పీకేయడం ఊడ్చినంత తేలిక కాదు. ఏ తలుపు, ఏ సంభాషణ, ఏ లెక్క దాని మీద ఆధారపడి ఉందో ఎవరికీ పూర్తిగా తెలియదు. తీసేసి మొత్తం మళ్లీ పరీక్షించడం కంటే దారి మూసి వదిలేయడమే వివేకం. ఆ వివేకానికి మూల్యమూ ఉంది. 2004లో వచ్చిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’లో రాక్‌స్టార్ ఒక శృంగార ఘట్టాన్ని ఇలాగే మూసి వదిలేసింది. 2005లో గేమ్‌లను విప్పి మార్చే ఒక డచ్ మాడర్ దాన్ని తెరిచే మార్గం చూపించాడు. ‘హాట్ కాఫీ’ గొడవగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో కంపెనీ మొదట హ్యాకర్ల మీద నెట్టింది. అదే ఘట్టం కన్సోల్ డిస్కుల్లోనూ ఉందని తేలాక ఆ మాట నిలవలేదు. అమెరికా రేటింగ్ సంస్థ ఆ గేమ్‌ను పెద్దలకు మాత్రమే అన్న వర్గంలోకి మార్చింది, దుకాణాలు అరల్లోంచి తీసేశాయి. దీన్ని నా వాదనకు వ్యతిరేకంగా వాడతారు గానీ, నాకిది అనుకూల తీర్పులా కనిపిస్తుంది. మామూలు ఆటగాడు చేరలేకపోయినా లోపలున్నది గేమ్‌లో భాగమేనని ఆ సంస్థ తేల్చింది. శిక్ష లెక్కలోకి వచ్చినది చరిత్ర లెక్కలోకి రాదంటే ఎలా?

మూడో అభ్యంతరాన్ని నేను మిగతావాటి కంటే గౌరవిస్తాను. రచయిత కొట్టేసిన వాక్యాలను అచ్చువేయడం మర్యాద కాదు, కళాకారుడు చూపించదలచుకోనిదాన్ని తవ్వి తీసే హక్కు మనకు లేదు అన్నది ఆ మాట. కానీ గేమ్ ఒక్కరి రాత కాదు. ఒక ప్రాంతాన్ని తీసేయాలని నిర్ణయించేది ఒకరైతే, దాన్ని నెలల పాటు చెక్కినవాళ్లు వేరే ఉంటారు. చివర్లో దొర్లే పేర్ల జాబితాలో వాళ్ల పేరుండవచ్చు గానీ వాళ్ల పని ఉండదు. అది మిగిలేది ఆ మూసిన తలుపు వెనకే. పైగా ఇది ఇంటి చెత్తబుట్టలోంచి ఏరుకొచ్చిన కాగితం కాదు, కొన్నవాడి చేతిలో కంపెనీయే పెట్టినది. మర్యాద పాటించాల్సింది తీర్పు దగ్గర. పూర్తికాని గదిని చూపించి గేమ్ బాగాలేదనడం అన్యాయం. చూసి తెలుసుకోవడం అన్యాయం కాదు.

ఇంతా చేసి, ఈ గదులకు అసలు ముప్పు చెరిపివేతతో కాదు, పూర్తిచేయడంతో. 1992 నాటి ‘సోనిక్ 2’ నుంచి తీసేసిన ‘హిడెన్ ప్యాలెస్’ అనే ప్రాంతాన్ని 2013 మొబైల్ రూపంలో ముచ్చటగా పూర్తిచేసి ఇచ్చారు. ఆడటానికి హాయిగా ఉంటుంది. అయితే అది 2013లో మనుషులు ఊహించినది, 1992లో ఆగిపోయినది ఎలా ఉందో చెప్పదు. హైజల్ కూడా అంతే. తెరుచుకోవడంతో పాత ఖాళీ కొండ చెదిరిపోయింది. డిస్కుల కాలంలో పాత రూపం ఎవరి బీరువాలోనో మిగిలేది. నెట్ మీద నడిచే గేమ్‌లలో కొత్త ప్యాచ్ దిగిన క్షణాన పాతది ఆడేవాళ్లందరి దగ్గరా ఒకేసారి పోతుంది. కాబట్టి పాత గేమ్‌లను భద్రపరచాలనేవాళ్లు మెరుగుపెట్టిన చివరి రూపంతో తృప్తిపడకూడదు. విడుదలైన ప్రతి రూపాన్నీ దాని అతుకులతో, మూసిన తలుపులతో సహా ఉన్నదున్నట్టు దాచాలి. పూర్తిచేయడం మంచి పనే. పూర్తయినదాన్ని ఉంచుకోవడానికి పూర్తికానిదాన్ని పారేయనక్కర్లేదు, నాలుగు కిలోబైట్ల ఇరుకు రోజులు పోయి చాలా కాలమైంది.