దాళ్వా నీళ్లు దిగివచ్చే దారి

ఆలమూరులో వ్యవసాయం ఉన్న ఇంటికి వారం రోజుల తీరిక దొరకడమే కష్టం. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలింది మొదలు తొలి పంట సార్వా పనులు ఒకదాని వెనక ఒకటి తరుముతాయి. కోతలై, ధాన్యం ఒబ్బిడి చేసుకునేసరికి మార్గశిరం వస్తుంది. వెంటనే రెండో పంట దాళ్వాకి నారుమళ్లు. సంక్రాంతికి ఊరు దాటే మాటే లేదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉండగా కోనసీమ మనిషి ఇంకో చోట ఏం చేస్తాడు? దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు కానీ, అప్పటికి ఎండలూ పెళ్లిళ్లూ కలిసి మీద పడతాయి. వెతగ్గా వెతగ్గా మాకు దొరికిన సందు ఒక్కటే. దాళ్వా నారు పోసి, అది నాటుకి ఎదిగేలోగా ఒక వారం. నారుమడికి నీళ్లు చూడ్డానికి నమ్మకమైన మనిషి ఉంటే చాలు.

ఆ వారం డిసెంబరులో పడుతుంది. మన్యం కొండలకి అంతకన్నా మంచి రోజులు లేవు. వలిసె చేలు పసుప్పచ్చగా ఉంటాయి, కాఫీ పళ్లు ఎర్రబడి కోతకొస్తాయి, చలి నిజంగా చలిలాగే ఉంటుంది. ఇంకాస్త ముందు వెళ్దామంటే తుఫాన్ల భయం. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను చూసినవాళ్లెవరూ కార్తీకమాసంలో ఇల్లొదిలి వారం రోజులు దూరంగా ఉండే ధైర్యం చెయ్యరు. అందుకని డిసెంబరు మూడో వారం అనుకున్నాం. పిల్లలకి బడి పోతుందని మా ఆవిడ కాస్త తటపటాయించింది. పోనిమ్మన్నాను. తరగతిలో తూర్పు కనుమలని పటం మీద గీత గీయడం నేర్పుతారు. ఆ గీత మీద నడిచొస్తే తప్పేమిటి? మా పిల్లలకి తెలిసిన ఎత్తల్లా గోదావరి గట్టే.

హైదరాబాదులో ఉన్న తమ్ముడు ఊటీ అన్నాడు. మా మరదలు మనాలి అంది. రెండూ చూడదగ్గవే, కాదనను. కానీ వారంలో రానూపోనూ రైల్లోనే బోలెడు పొద్దు గడిచిపోతే ఉండేదెప్పుడు? పైగా మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, తమ్ముడి చిన్నపిల్లకి ఇంకా మూడేళ్లు నిండలేదు. ఆ ఇద్దరికీ సుఖంగా ఉండే ప్రయాణమే ఇంటిల్లిపాదికీ సుఖంగా ఉంటుందని నా నమ్మకం. అమ్మ అయితే ఒక్క ముక్కలో తేల్చేసింది. "కొండలు చూడ్డానికి అంత దూరం ఎందుకురా పెద్దోడా? మనకి నీళ్లిచ్చే కొండలు మనకున్నాయిగా?"

ఆ మాట నన్ను పట్టుకుంది. దాళ్వా రోజుల్లో, ఫిబ్రవరి మార్చి నెలల్లో, గోదావరిలో నీరు బాగా తగ్గిపోతుంది. శివారు చేలకి తడి అందదు, వంతులు పెడతారు, గట్ల మీద మాటామాటా పెరుగుతుంది. అప్పుడు ఊళ్లో ఎక్కడ నలుగురు కూర్చున్నా ఒకటే ప్రశ్న: "సీలేరు నీళ్లు వదిలారా?" వదిలారంటే పంట దక్కినట్టే. ఇన్నేళ్లుగా ఆ మాట అడుగుతున్నాం, వింటున్నాం. సీలేరు మాత్రం మా ఇంట్లో ఎవరం చూడలేదు. చూద్దామన్న ఆలోచన కూడా రాలేదు.

పెద్దమ్మాయిని కూర్చోబెట్టుకుని పటం తీశాను. విశాఖ మన్యంలో మాడుగుల కొండల్లో ఒక ఏరు పుడుతుంది. దాన్ని మాచ్‌ఖండ్ అంటారు. పాడేరుకి పైన హుకుంపేట మండలంలో మత్స్యగుండమని ఒక మడుగు ఉంది. అక్కడి చేపల్ని దైవంగా చూస్తారు, ఎవరూ పట్టరు. శివరాత్రికి పెద్ద జాతర. ఏరు అక్కణ్నుంచి సముద్రం వైపు రాకుండా ఉత్తరంగా ఒడిశా సరిహద్దు పట్టుకుని వెళ్తుంది. జోలాపుట్ దగ్గర జలాశయంలో ఆగి, డుడుమ దగ్గర కిందికి దూకి, కరెంటు పుట్టిస్తుంది. మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955 నాటిది, ఆంధ్రా ఒడిశాల ఉమ్మడి సొత్తు. ఆపైన బలిమెల. అక్కణ్నుంచి దాని పేరు సీలేరు. డొంకరాయి దగ్గర మళ్లీ ఆగుతుంది, మోతుగూడెం పక్కన పొల్లూరు దగ్గర మళ్లీ చక్రాలు తిప్పుతుంది. దిగువ సీలేరు కేంద్రానిది 460 మెగావాట్ల శక్తి. ఇంత పని చేసి, మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే మోటు దగ్గర శబరిలో పడుతుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇక పాపికొండలు, పోలవరం, రాజమండ్రి, ధవళేశ్వరం. కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన 1852 నుంచీ మన తూర్పు డెల్టా కాలువల దారి తెలిసిందే.

పెద్దమ్మాయి వేలితో ఆ గీత వెంట వెనక్కీ ముందుకీ వెళ్లి, "అయితే నాన్నా, మన చేలోకొచ్చే నీళ్లు అరకు పక్కనించా వస్తున్నాయి?" అంది. ఔనన్నాను. మా ప్రయాణం దారి అక్కడితో ఖాయమైపోయింది. నీళ్లు దిగివచ్చే దారినే మేం ఎక్కాలి.

ఇక మిగిలింది ఆ దారి ఎంతవరకూ సాధ్యమన్నది. మొదటి మజిలీకి ఇబ్బంది లేదు. జొన్నాడ మీదుగా హైవే ఎక్కి, కడియం నర్సరీలు దాటి, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి తొంభై కిలోమీటర్ల లోపే. తమ్ముడూ వాళ్లూ గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లారకట్ల రాజమండ్రిలో దిగితే అక్కడే ఎక్కించుకోవచ్చు. మారేడుమిల్లిలో రెండు రాత్రులు. ఆ రెండు రోజుల్లో పెట్టుకున్న పనులు రెండే. పాములేరు ఒడ్డున కూర్చోవడం, బొంగులో చికెన్ చేసేటప్పుడు దగ్గరుండి చూడటం. పచ్చి వెదురు బొంగులో కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు దట్టించి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. వెదురులో ఉన్న చెమ్మే ముక్కని ఉడికిస్తుంది. పైన నల్లగా మాడిన బొంగుని చీలిస్తే లోపలి నుంచి ఆవిరి ఒక్కసారి ముఖాన కొడుతుంది. మా చిన్నాడికి అది చూపించాలని మా ఆవిడ పట్టుదల. వాడు అన్నం దగ్గర వంద పేచీలు పెడతాడు. వండటం చూస్తే తింటాడని ఆవిడ ఆశ.

అసలు కష్టం మూడో రోజుది. మారేడుమిల్లి నుంచి ఘాట్ దిగి చింతూరు, అక్కడ శబరి వంతెన, తర్వాత మోతుగూడెం, డొంకరాయి, సీలేరు, గూడెం కొత్తవీధి, చింతపల్లి, లంబసింగి. రోజంతా కారులోనే. మా ఊరి కారతన్ని అడిగితే, "ఆయ్, సీలేరు దారాండీ? వానలెళ్లాక రోడ్డెలా ఉందో ఓసారి కనుక్కుని చెప్తానండి. ఏదేమైనా పగలే దాటెయ్యాలండి అది" అన్నాడు. మంచి మాట. చీకటి పడ్డాక ఘాట్ ఎక్కకూడదన్నది ఈ ప్రయాణంలో మొదటి నిబంధనగా రాసుకున్నాను. రెండోది, రంపచోడవరంలో ట్యాంకు నింపకుండా కదలకూడదు. మూడోది, చేతిలో నోట్లుండాలి. సిగ్నల్ లేనిచోట ఫోన్‌తో డబ్బు కట్టలేం.

దారి బాగాలేదంటే రెండో దారి కూడా చూసి పెట్టుకున్నాను. రంపచోడవరం వెనక్కి వచ్చి అడ్డతీగల, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట మీదుగా పైకి. సీలేరు చూడలేకపోతాం కానీ, అది అల్లూరి సీతారామరాజు దారి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద ఆయన మనుషులు దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లారు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. ఏ దారిన వెళ్లినా, తిరిగొచ్చేటప్పుడు కాకపోయినా ఎప్పుడో ఒకప్పుడు నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వెళ్లే రోడ్డు గురించి పిల్లలకి చెప్పాలి. బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు ఆ వైపు రోడ్డు పనికి గిరిజనుల్ని బలవంతాన తోలి, కూలి సరిగ్గా ఇవ్వక, కొట్టించి హింసించాడు. తిరుగుబాటు రాజుకోడానికి అదీ ఒక కారణం. ఇవాళ మనం పాటలు పెట్టుకుని మలుపులు తిరిగే రోడ్ల వెనక ఏముందో పిల్లలకి తెలియడం నాకు ముఖ్యం. జోలాపుట్ నీళ్ల కింద కూడా ఊళ్లున్నాయి. మన చేలకి తడి అందడానికి ఎవరో పొలాలు వదులుకున్నారు.

లంబసింగి అనగానే మరదలు, "బావగారూ, అక్కడ కాశ్మీరులాగా ఉంటుందట కదండీ, పిల్లలు ఆడుకోవచ్చా?" అని ఫోన్ చేసింది. చలికాలంలో కొన్ని ఉదయాలు సున్నాకి దగ్గరగా వెళ్లే మాట నిజమే. దట్టంగా పొగమంచు కమ్ముతుంది, గడ్డి మీద తెల్లగా పేరుకుంటుంది. చేత్తో ముద్దలు చేసి విసురుకునే మంచు మాత్రం ఉండదు. పిల్లలకి ముందే చెప్పమన్నాను. లేనిది ఊహించుకుని వెళ్తే ఉన్నది కనబడదు. మా ఇంట్లో స్వెట్టరన్నది ఒక్కటీ లేదు. ఈ వేడి ఊళ్లో ఎవరు కొంటారు? రాజమండ్రిలో కొనాలి. అమ్మకి ఉన్ని శాలువా, మేజోళ్లు, చెవులకి మఫ్లరు. బీపీ మాత్రలు రెండు చోట్ల విడివిడిగా, ఒక సంచి తప్పినా ఇంకొకటి ఉండేలా. దోమల క్రీములు మర్చిపోకూడదు. మన్యంలో మలేరియా పాతకాలపు మాట కాదు.

మరదలు పంపిన జాబితా చాలా పొడుగుంది. తాజంగి, కొత్తపల్లి జలపాతం, వంజంగి, చాపరాయి, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, గాలికొండ, బొర్రా, కటికి, ఇంకా ఎన్నో. దాంట్లో సగానికి పైగా కొట్టేశాను. ఆమె నొచ్చుకుంది. నాకు మాత్రం చోటుకి పది నిమిషాల చొప్పున దిగి ఫోటో తీసుకుని ఎక్కే ప్రయాణం మీద ఏమాత్రం మనసు లేదు. వంజంగి ఉంచాను. తెల్లవారుజామున ఎక్కితే మబ్బులు కాళ్ల కింద పరుచుకుంటాయి. ఎక్కగలవాళ్లు ఎక్కుతారు, నేనూ అమ్మా చిన్నపిల్లా పాడేరులోనే ఉండి, పొద్దెక్కాక మత్స్యగుండం వెళ్తాం. అమ్మకి ఆ చేపలకి మరమరాలు వెయ్యాలని ఉంది. దారిలో వారపు సంత తగిలితే దానికోసం మిగతావన్నీ వదిలేస్తాను. పసుపు కొమ్ములు, పిప్పళ్లు, రాజ్మా గింజలు, కట్టలు కట్టలుగా అడ్డాకులు. మా చిన్నప్పటి పెళ్లిళ్లలో విస్తళ్లన్నీ ఆ ఆకులే. అవి కోసి, ఎండబెట్టి, కొండ దింపి తెచ్చే ఆడవాళ్ల దగ్గర బేరమాడకుండా కొనడమైనా చెయ్యాలి.

ఆ మాట మీద మా తమ్ముడితో గట్టిగానే చెప్పాను. గూడేల్లో అడక్కుండా మనుషుల ఫోటోలు తియ్యొద్దు. థింసా ఆడేవాళ్లతో కలిసి ఆడొచ్చు, వాళ్లని ఆట పట్టించొద్దు. ఏటి ఒడ్డున పెద్ద సౌండు పెట్టొద్దు. ప్లాస్టిక్ ప్లేట్లు, సీసాలు అక్కడ పారేస్తే వరదకి కొట్టుకొచ్చేది ఎక్కడికి? మన కాలువకే. వాడు నవ్వలేదు, సరేనన్నాడు.

అరకులో రెండు రాత్రులు. కాఫీ తోటల్లో మిరియాల తీగలు సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకుని ఉంటాయని, ఆ నీడనే కాఫీ పండుతుందని పెద్దమ్మాయి చదివి చెప్పింది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొబ్బరి తోటలో కోకో పెంచే మాలాంటి వాళ్లకి ఆ నీడ సేద్యం చూడ్డం ఆసక్తిగా ఉంటుంది. నేను చూపించాలనుకున్నది ఇంకొకటుంది. అనంతగిరి కొండల్లో ఒక వైపు పడ్డ వాన గోస్తనీలో చేరి బొర్రా మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ పక్కనే ఇంకో వైపు పడ్డ వాన ఒడిశా సరిహద్దు చుట్టి, శబరిలో దూరి, గోదావరిలోంచి మన ఊరికొస్తుంది. ఒకే మబ్బు కురిసినా చుక్కలు రెండు దారులు పడతాయి. ఆ దారులు విడిపోయే శిఖరం దగ్గర కారు ఆపి కాసేపు దిగాలి.

దిగడం మాత్రం రైల్లో. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దించడానికి 1960ల్లో వేసిన లైను అది. సొరంగాలు యాభైకి పైనే. కారతను ఖాళీ బండితో ముందు దిగిపోతే, మేం మధ్యాహ్నం అరకులో ప్యాసింజరెక్కి సొరంగాలు లెక్కపెట్టుకుంటూ విశాఖ చేరతాం. రాత్రి మేనత్త ఇంట్లో. మర్నాడు ఇల్లు.

ఇంటి సంగతీ తేలింది. గేదె ఈనే నెల కాదు కాబట్టి ఎదురింటి వాళ్లు చూస్తామన్నారు, పాలు వాళ్లే వాడుకుంటారు. కొబ్బరి దింపు ముందే తీయించేస్తాం. దారికి తాపేశ్వరం కాజాలు, ఒక చక్రకేళి గెల, మొదటి పూటకి పులిహోర. ఘాట్‌లో వాంతులకి నిమ్మకాయలు, ఉప్పు వేసి ఎండబెట్టిన అల్లం ముక్కలు.

ఇంత వేసుకున్నాక అమ్మ ఒక్క షరతు పెట్టింది. విశాఖ నుంచి వచ్చే దారిలో అన్నవరం కొండ ఎక్కి సత్యనారాయణ వ్రతం చేసుకుని మరీ ఇంటికి రావాలి. తమ్ముడికి ఆ సాయంత్రమే రాజమండ్రిలో రైలుంది, ఆలస్యమవుతుందేమోనన్నాను. వినలేదు. దాంతో విశాఖలో తెల్లవారుజామున బయల్దేరడానికి ఒప్పుకున్నాం. పట్టు పంచె, చీరలు, పసుపు కుంకుమలు కలిపి ఒక సంచి ఇవాళే విడిగా కట్టేసింది. స్వెట్టర్లు తడిసినా ఫర్వాలేదు గాని ఆ సంచికి చెమ్మ తగలకూడదని, డిక్కీలో అన్నిటికన్నా పైన పెట్టమని చెప్పింది.